నెత్తుటిలోని ఇనుము, గనిలోని గాలి

మంచిర్యాల దగ్గర గోదావరిని దాటి రైలుమార్గం ఉత్తరంగా సాగుతుంది. ఆ దారిలోను, దాని చుట్టుప్రక్కలను మందమర్రి, రామకృష్ణాపూరు, శ్రీరాంపూరు, బెల్లంపల్లి బొగ్గుగనులున్నవి. నదికి దక్షిణపు గట్టున రామగుండం, గోదావరిఖని. ఈ ప్రాంతంలో గనిని 'బాయి' అంటారు, గనిపనిని 'బాయిపని' అంటారు. బాయిలోకి దిగిన మనిషికి పైకప్పు భయమున్నది, నీటి భయమున్నది. కాని పైకప్పు కూలబోయే ముందు చాలసార్లు చప్పుడు చేస్తుంది. నీరు కంటికి కనబడుతుంది. కార్బన్ మోనాక్సైడు అనే వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. 1000 పాళ్ల గాలిలో అది ఒక్క పాలు ఉంటే చాలును. దానిని పీల్చిన మనిషి కొన్ని గంటలలో ప్రాణాపాయంలో పడతాడు.

ఇంత కొద్ది వాయువు అంత పని ఎట్లు చేయగలుగుతున్నది? వైద్యులు చెప్పే జవాబు మనకు తెలిసినదే: రక్తంలోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువు కంటె గట్టిగా పట్టుకొంటుంది. జవాబు నిజమే, కాని అది ప్రశ్నను ఒక మెట్టు వెనుకకు జరుపుతుంది, అంతే. ఎందుకు అంత గట్టిగా పట్టుకొంటుంది? హీమోగ్లోబినులోని ఒక ఇనుప పరమాణువులో దాని గుణాలను నిర్ణయించే ఎలక్ట్రానులు ఆరున్నవి. అవి ఏ అమరికలో ఉన్నవి, ఆ అమరికను బట్టి ఆ ఇనుము చుట్టు ఉన్నవాటి ఆకృతి ఎట్లు మారుతున్నది అనే విషయంలో దీనికి జవాబు ఉన్నది. ఆ సంగతి తేలడానికి ముప్పాతిక శతాబ్దం పట్టినది. గనిలో మొదలై ప్రయోగశాలలో తేలిన ఆ చరిత్రను నేడు శ్రోతల ముందుంచుతున్నాను.

మన బొగ్గు సంగతి ముందు చెప్పాలి. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు సమీపంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి గని హక్కులు లభించినవి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1920ల చివర బెల్లంపల్లి ప్రాంతపు గనులు పనిలోకి వచ్చినవి. 1945లో హైదరాబాదు రాజ్యం కంపెనీ వాటాలలో అధికభాగాన్ని కొన్నది. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరం పోయి యంత్రాలు వచ్చినవి. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగం ఓపెన్‌కాస్టు గనులనుండియే వస్తున్నది. అయినను భూమి లోపలి గనులు ఇంకను పనిచేస్తూనే ఉన్నవి. అక్కడి గాలి సంగతి మాత్రం తాతల నాటిదే.

ఈ గోదావరి లోయ బొగ్గుకు ఒక గుణమున్నది. త్రవ్వగా లోపల మిగిలిపోయిన బొగ్గుకు గాలి తగిలితే, అది ప్రాణవాయువును నెమ్మదిగా పీల్చి తనంతట తాను వేడెక్కుతుంది. వేడి పోయే దారి లేకపోతే రాజుకొంటుంది. మంట కనబడడానికి చాల ముందే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. అందుచేతనే బొగ్గు తీసిన భాగాలను గోడలు కట్టి మూసివేయడం, ఖాళీలలోనికి గోదావరి ఇసుకను నీటితో పంపి నింపడం ఇక్కడి గనులలో వాడుక. గోడ వెనుకనుండి గాలిని తీసి, దానిలో ప్రాణవాయువు ఎంత తరిగినది, కార్బన్ మోనాక్సైడు ఎంత పెరిగినది అని చూచి, ఆ రెంటి నిష్పత్తిని లెక్క కడతారు. దీనికి గ్రాహం నిష్పత్తి అని పేరు. ఆ అంకె నానాటికి పెరుగుతూ పోతే లోపల బొగ్గు రాజుకొంటున్నదని గ్రహిస్తారు.

గని ప్రమాదంలో ఎక్కువమందిని చంపేది మంటయు కాదు, ప్రేలుడును కాదు, ఆ తరువాత మిగిలిన ఈ వాయువే అని రుజువు చేసినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. 1896 జనవరి 27న దక్షిణ వేల్సులోని టైలర్స్‌టౌన్ గనిలో ప్రేలుడు జరిగి 57 మంది మరణించినారు. హాల్డేన్ అక్కడికి పోయి శవాలను పరీక్షించినాడు. చాలమంది ఒంటిమీద ప్రాణం తీయగల గాయాలు లేవు. చర్మంలో మామూలు నీలి నలుపు లేక, బ్రతికియున్నవారి కంటె ఎక్కువ ఎరుపు ఉన్నది. అంతకు ముందటి సంవత్సరమే ఆయన ఈ వాయువును తానే పీల్చి, తన హీమోగ్లోబినులో సగానికి పైగా దానితో నిండేవరకు కూర్చొని, కలిగిన మార్పులను వ్రాసుకొన్నాడు. ఊపిరాడని బాధ ఉండదు. కాళ్లు ముందుగా పట్టు తప్పుతవి. బుద్ధి మందగిస్తుంది. తాను ప్రమాదంలో ఉన్నానన్న సంగతే మనిషికి తెలియకుండ పోతుంది. అందుచేత గనిలోనికి ఎలుకను గాని పక్షిని గాని తీసికొనిపోవాలని ఆయన సలహా యిచ్చినాడు. చిన్నప్రాణి శ్వాస వేగమైనది. మనిషి కంటె ముందుగా పడిపోతుంది. బ్రిటను గనులలో కానరీ పక్షులకు 1986 వరకు కొలువు ఉండినది.

ఈ హాల్డేను తన కుమారుని చిన్నతనంలోనే గనులలోకి తీసికొనిపోయెడివాడు. ఒకసారి పైకప్పు దగ్గర మీథేను నిలిచియున్న చోట నిలబెట్టి, షేక్స్పియరు 'జూలియస్ సీజరు' నాటకంలోని ఆంటొనీ ఉపన్యాసాన్ని అప్పజెప్పమన్నాడు. బాలుడు కొంత చెప్పి సోలి క్రింద పడినాడు. నేలమట్టాన గాలి మంచిది గనుక తేరుకొన్నాడు. ఈ కాలపు తల్లిదండ్రులకు నచ్చే విద్యాపద్ధతి కాదిది. 1912లో ఆ తండ్రి, డగ్లస్ అనే శాస్త్రజ్ఞుడు, ఈ కుమారుడు ముగ్గురు కలిసి, హీమోగ్లోబిను కొరకు ప్రాణవాయువు, కార్బన్ మోనాక్సైడు పోటీపడే నియమాలను ప్రకటించినారు. ఆ కుమారుడే జె. బి. ఎస్. హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చి భారత పౌరుడయినాడు. ఆయన వద్ద పరిశోధన చేసినవారిలో పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు ఒకరు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వరంలో మరణించినప్పుడు, ఆయన కోరిన ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల ఉపయోగార్థం ఇచ్చినారు.

ఆ తండ్రీకొడుకుల నియమాన్ని మన గనికి అన్వయించి చూడవచ్చును. హీమోగ్లోబినుపై కార్బన్ మోనాక్సైడుకు ఉన్న పట్టు, ప్రాణవాయువు పట్టుకు సుమారు 210 రెట్లు. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. అందులో 210వ వంతు, అనగా వేయింటికి ఒక పాలు కార్బన్ మోనాక్సైడు చేరినదా, రెంటి బలం సమానమైపోతుంది. తగినంత సేపు పీల్చితే రక్తంలో సగం దాని వశమవుతుంది.

ఈ 210 ఎక్కడినుండి వచ్చినదో ఆ కాలంలో ఎవరికిని తెలియదు. లోహపరమాణువు తన చుట్టు ఇతర అణువులను ఏ ఆకృతిలో నిలుపుకొంటుందన్న ఆలోచనయే అప్పటికి కొత్తది. అది గనులతో సంబంధం లేని జ్యూరిచ్ నగరంలో, కోబాల్టు లవణాల విషయంలో పుట్టినది.

కోబాల్టు లవణాలను అమ్మోనియాతో కలిపితే పసుపు, గులాబి, ఊదా, ఆకుపచ్చ రంగుల స్ఫటికాలు వస్తవి. కోబాల్టు సంయోజకత మూడు. మూడు క్లోరినులను పట్టుకొనేసరికి దానికి చేతులు చాలవు. మరి ఆరు అమ్మోనియా అణువులు దేనిని పట్టుకొని ఉన్నవి? కోపెన్‌హేగనులో యోర్గెన్సెన్ అనే పండితుడు వాటిని గొలుసు వలె ఒకదాని వెనుక ఒకటి తగిలించి చూపెడివాడు. 1893లో ఇరువదియారేండ్ల ఆల్ఫ్రెడ్ వెర్నరు ఆ గొలుసులను తెంపి, ఆరింటిని కోబాల్టు చుట్టు ఆరు దిక్కుల నిలిపినాడు: మీద ఒకటి, క్రింద ఒకటి, ప్రక్కల నాలుగు. ఆరు మూలలు, ఎనిమిది ముఖాలు గల ఈ ఆకృతికి అష్టముఖి అని పేరు.

కంటికి కనబడని ఆకృతికి రుజువేమి? రూపాల లెక్కయే రుజువు. నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరినులు గల లవణాన్ని తీసికొందాము. ఆరింటిని ఒకే తలంమీద షట్కోణంగా పరచితే ఆ లవణానికి మూడు రూపాలుండాలి. పట్టకం మూలలలో పెట్టినను మూడే. అష్టముఖిలో మాత్రం రెండే వీలు: క్లోరినులు ప్రక్కప్రక్కన, లేదా ఎదురెదురుగా. ఆకుపచ్చనిది ముందే తెలిసినది. ఊదారంగుదానిని వెర్నరు 1907లో తయారుచేసినాడు. మూడవది ఎవరికిని దొరకలేదు. యోర్గెన్సెన్ తన ఓటమిని ఒప్పుకొన్నాడు. పాఠ్యగ్రంథాలు ఆయనను ఓడినవానిగా మాత్రమే చూపుతవి. అది న్యాయం కాదు. వెర్నరు ఆధారపడిన లవణాలలో చాలవాటిని శుద్ధంగా తయారుచేసి, నిజాయితీగా వర్ణించి పెట్టినది ఆయనయే. ప్లాటినం చుట్టు నాలుగు అణువులు ఒకే తలంలో చదరంగా నిలుస్తవని కూడ వెర్నరు చెప్పినాడు. 1913లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది.

ఆకృతి ఏదో వెర్నరు చెప్పినాడు, కారణం చెప్పలేదు. చెప్పడానికి సాధనం లేదు. జె. జె. థామ్సను ఎలక్ట్రానును ప్రకటించినది 1897లో గదా. కారణానికి దారి తీసినది 1929లో హాన్స్ బేథే స్ఫటికాలలోని పరమాణువుల గురించి చేసిన గణితం. దానిని వాన్ వ్లెక్ మొదలగువారు 1930ల నుండి వెర్నరు సమ్మేళనాలకు అన్వయించినారు. గణితాన్ని వదలి దాని సారాన్ని ఇంటి భాషలో చెప్పుకోవచ్చును.

ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి మొదలైనవాటిని పరివర్తన లోహాలంటారు. వీటి గుణాలను నిర్ణయించే ఎలక్ట్రానులు ఐదు గదులలో ఉంటవి. ఒక్కొక్క గదిలో ఇద్దరికే చోటు. పరమాణువు ఒంటరిగా ఉన్నంత కాలం ఐదు గదులును సమానమే. ఆరు దిక్కుల ఆరు అణువులు వచ్చి నిలిచినప్పుడు తేడా వస్తుంది. ఐదింటిలో రెండు గదులు సరిగా ఆ అణువుల ఎదుటికి తెరచుకొంటవి. మూడు గదులు వాటి నడిమి సందులలోనికి తెరచుకొంటవి. వచ్చిన అణువులు తమ ఎలక్ట్రానులను ముందుకు చాచి వస్తవి. ఎలక్ట్రానుకు ఎలక్ట్రాను పడదు. కాబట్టి ఎదురుగదులలో కాపురం ఖరీదు, సందుగదులలో కాపురం చవుక. అయితే ఒకే గదిలో ఇద్దరు ఇరుకుకొనడానికి కూడ కొంత ఖరీదున్నది. ఏ ఖరీదు తక్కువయితే ఎలక్ట్రానులు ఆ దారి పడతవి.

అన్నభేది మనకు తెలిసిన వస్తువు. దానిలో ఇనుము చుట్టు ఆరు నీటి అణువులున్నవి. నీరు మెత్తని పొరుగు. ఎదురుగదికి, సందుగదికి ఖరీదులో భేదం కొద్ది. కనుక ఇనుములోని ఆరు ఎలక్ట్రానులు ఐదు గదులకు విడివిడిగా విస్తరించి, ఆరవది మాత్రం ఒక గదిలో జంటగా చేరుతుంది. నాలుగు ఒంటరి ఎలక్ట్రానులు మిగులుతవి. ఒంటరి ఎలక్ట్రాను ఒక చిన్న అయస్కాంతం వంటిది గనుక, అన్నభేదిని బలమైన అయస్కాంతం తనవైపు లాగుతుంది. అదే ఇనుము చుట్టు ఆరు సయనైడులను నిలిపితే సంగతి వేరు. పాఠశాలల ప్రయోగశాలలలోని పసుపుపచ్చని పొటాసియం ఫెర్రోసయనైడు అట్టిది. సయనైడు గట్టి పొరుగు. ఎదురుగదుల ఖరీదు బాగుగా పెరుగుతుంది. ఆరు ఎలక్ట్రానులును మూడు సందుగదులలో మూడు జంటలై సర్దుకొంటవి. ఒంటరి ఎలక్ట్రాను ఒక్కటియు లేదు; అయస్కాంతం లాగదు. ఎదురుగదులు ఖాళీ అయినవి గనుక పొరుగు అణువులు దగ్గరకు రాగలవు. సెంటీమీటరులో పదికోట్లవ వంతును ఆంగ్‌స్ట్రాము అంటారు. అన్నభేదిలో ఇనుముకు, నీటిలోని ఆమ్లజనికి నడుమ దూరం సుమారు 2.1 ఆంగ్‌స్ట్రాములు. ఫెర్రోసయనైడులో ఇనుముకు, కర్బనానికి నడుమ దూరం సుమారు 1.9. విడివిడి ఎలక్ట్రానులున్న ఇనుము కొంచెం లావు, జంటలు కట్టిన ఇనుము కొంచెం సన్నం అన్నమాట. ఈ చిన్న భేదాన్ని శ్రోతలు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాను. గనికార్మికుని ప్రాణం దానిమీదనే ఆధారపడియున్నది.

ఎలక్ట్రానులు దూరాన్నే కాక ఆకృతిని కూడ మార్చగలవు. రైతులు సున్నంతో కలిపి తెగుళ్లకు చల్లే మైలుతుత్తంలో రాగి ఉన్నది. రాగికి తొమ్మిది ఎలక్ట్రానులు. సందుగదులు నిండగా ఎదురుగదులు రెంటికి మూడే మిగులుతవి. ఒక గదిలో ఇద్దరు, ఒక గదిలో ఒకరు. ఇద్దరున్న వైపు పొరుగు అణువులు దూరంగా నెట్టబడతవి, అష్టముఖి నిలువుగా సాగిపోతుంది. 1934లో బీవర్స్, లిప్సన్ మైలుతుత్తం స్ఫటికాన్ని ఎక్స్‌కిరణాలతో పరీక్షించగా, రాగికి నాలుగు పొరుగులు దగ్గరగాను, రెండు దూరంగాను కనబడినవి. 1937లో యాన్, టెల్లర్ ఇట్టి సాగుడు తప్పనిసరి అని గణితంతో నిరూపించినారు. నికెలులో మార్పు ఇంకను పెద్దది. దాని ఎనిమిది ఎలక్ట్రానులు జంటలు కడితే నాలుగు సయనైడులు చదరంగా నిలుస్తవి. రెండు ఒంటరిగా మిగిలితే నాలుగు క్లోరినులు చతుర్ముఖి మూలలలో నిలుస్తవి. అయస్కాంతంతో తూచి ఆకృతిని చెప్పవచ్చునని 1931లో లైనస్ పౌలింగ్ ప్రకటించినాడు.

అయస్కాంతంతో తూచి లవణం ఆకృతి చెప్పగలిగినప్పుడు, రక్తం సంగతి చెప్పలేమా? ఈ ప్రశ్నతో కథ తిరిగి నెత్తుటి వద్దకు వచ్చినది. 1845లో మైకేల్ ఫారడే ఎండిన రక్తాన్ని అయస్కాంతం వద్ద పెట్టి, ఇనుము ఉన్నను అది ఆకర్షింపబడలేదని వ్రాసుకొన్నాడు. 1936లో పౌలింగ్, చార్లెస్ కోర్యెల్ కాలిఫోర్నియాలో రక్తాన్ని రెండు విధాల తూచినారు. ప్రాణవాయువు పట్టిన రక్తంలో ఒంటరి ఎలక్ట్రానులు లేవు. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తంలోను లేవు. వాయువును వదలివేసిన రక్తంలో మాత్రం ఒక్కొక్క ఇనుముకు నాలుగు ఒంటరి ఎలక్ట్రానులున్నవి. అనగా మనం ఊపిరి పీల్చి వదలినప్పుడెల్ల మన రక్తంలోని ఇనుము అన్నభేది స్థితినుండి ఫెర్రోసయనైడు స్థితికి, మరల అన్నభేది స్థితికి తిరుగుతున్నది. నా దృష్టిలో ఈ శతాబ్దాల విజ్ఞానంలో ఇంత నిరాడంబరమైన ప్రయోగం నుండి ఇంత గొప్ప ఫలితం వచ్చిన సందర్భాలు కొద్ది: ఒక త్రాసు, ఒక అయస్కాంతం, కొంచెం పశురక్తం.

ఎలక్ట్రానులు మారితే ఆకృతి మారాలి. ఎక్కడ, ఎంత మారుతున్నది? 1938లో ప్రేగు నగరంలో హౌరోవిట్స్ ఒక వింత చూచినాడు. ప్రాణవాయువు లేని హీమోగ్లోబిను ఊదారంగు పలకలవంటి స్ఫటికాలు గాలి తగలగానే పగిలి, ఎర్రని సూదులవంటి స్ఫటికాలయినవి. అణువు మొత్తం తన ఆకారాన్ని మార్చుకొంటున్నదని దీని అర్థం. కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్స్ అప్పటికే ఆ అణువుపై పని మొదలుపెట్టినాడు. దాని మొదటి రూపాన్ని చూపడానికి ఇరువదేండ్లకు పైగా పట్టినది. 1962లో కెండ్రూతోపాటు ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. ఆకారం మారే విధానాన్ని వివరించే వ్యాసం 1970లో వెలువడినది.

హీమోగ్లోబిను అణువులో నాలుగు హీములున్నవి. ఒక్కొక్క హీము ఒక పళ్లెం వంటిది. దాని నడుమ నాలుగు నత్రజనులు చదరంగా నిలిచి ఒక రంధ్రం ఏర్పడినది. ఆ రంధ్రం ఇనుము ఆసనం. ఐదవ పొరుగు క్రిందనుండి వచ్చిన హిస్టిడిను అనే ఆమ్లం. ఆరవ చోటు ఖాళీ. వాయువు వచ్చి చేరేది అక్కడనే. వాయువు లేనప్పుడు ఇనుము లావుగా ఉండి ఆ రంధ్రంలో సరిగా ఇమడక, పళ్లెం మట్టానికి క్రిందుగా, సుమారు 0.4 ఆంగ్‌స్ట్రాము దూరాన నిలుస్తుంది. వాయువు చేరగానే ఎలక్ట్రానులు జంటలు కట్టి, ఇనుము సన్నమై పళ్లెం నడిమికి జరుగుతుంది. తనతో హిస్టిడినును లాగుతుంది. హిస్టిడిను తనకు తగిలియున్న ప్రొటీను పేటను లాగుతుంది. చివరకు అణువులో ఒక సగం రెండవ సగంపై సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. దానితో మిగిలిన హీములకు కూడ వాయువును పట్టే శక్తి పెరుగుతుంది. పెరుట్స్ మొదట ఇనుము జరిగే దూరాన్ని ఎక్కువగా అంచనా వేసినాడు. ఇనుము లావు ఒక్కటే కాక, క్రింది హిస్టిడిను పళ్లెపు నత్రజనులకు మరీ చేరువ కాకుండ నెట్టుకొనడం కూడ ఒక కారణమని తరువాతివారు చూపినారు. మూలసూత్రం మాత్రం నిలిచినది.

ఇక కార్బన్ మోనాక్సైడు ప్రత్యేకత చెప్పాలి. ఈ వాయువుకు పరివర్తన లోహాలంటే మొదటినుండి మక్కువ. 1890లో లుడ్విగ్ మాండ్ దీనిని నికెలుపై పంపగా లోహం ఆవిరియై వాయువుతో కలిసిపోయినది. 1891లో ఇనుముతోను ఇట్టి సమ్మేళనమే దొరకినది. నికెలు నాలుగు అణువులను, ఇనుము ఐదింటిని, క్రోమియం ఆరింటిని పట్టుకొంటవి. ఆకృతులు వరుసగా చతుర్ముఖి, రెండు త్రిభుజ గోపురాలను అడుగుతో అడుగు అతికించినట్టి రూపం, అష్టముఖి. ఈ భేదానికి కారణం లెక్క. నికెలుకు సొంతవి 10 ఎలక్ట్రానులు, ఇనుముకు 8, క్రోమియానికి 6. ఒక్కొక్క అణువు రెండేసి ఇస్తుంది. మూడింటిలోను మొత్తం 18 వస్తుంది. ఇది ఇచ్చుట మాత్రమే కాదు, పుచ్చుకొనుట కూడ. కార్బన్ మోనాక్సైడు తన జంటను లోహపు ఖాళీ ఎదురుగదిలోనికి ఇచ్చి, నిండిన సందుగదులనుండి ఎలక్ట్రానులను తన ఖాళీ చోటులోనికి కొంత లాగుకొంటుంది. రెండు చేతులతో పట్టిన పట్టు ఇది. హీములోని ఇనుముతోను ఇదే జరుగుతుంది. ఇనుము, కర్బనం, ఆమ్లజని ఒకే సరళరేఖలో నిలుస్తవి. ప్రాణవాయువు చేరినప్పుడు మాత్రం రేఖ వంగుతుంది. ఇనుము ఒక ఎలక్ట్రానును దానికి దాదాపుగా అప్పగిస్తుందని 1964లో వైస్ సూచించినాడు.

ప్రొటీను లేని ఒంటరి హీముపై కార్బన్ మోనాక్సైడు పట్టు ప్రాణవాయువు పట్టుకు సుమారు 20,000 రెట్లు. హీమోగ్లోబినులో అది 200 చిల్లరకు దిగినది. ప్రొటీనులో పైవైపున ఉన్న మరొక హిస్టిడిను అడ్డు నిలిచి, సరళరేఖను బలవంతంగా వంచి, విషవాయువును బలహీనపరుస్తున్నదని చాలకాలం చెప్పినారు. అందమైన వివరణ; పుస్తకాలలో ఇంకను కనబడుతుంది. 1990ల పరిశోధనలు దానిని సవరించినవి. ఆ హిస్టిడిను చేసే ముఖ్యమైన పని కార్బన్ మోనాక్సైడును వంచడం కాదు. ఎలక్ట్రాను పుచ్చుకొని ఋణావేశం పొందిన ప్రాణవాయువుకు తన ఉదజనితో ఆసరా ఇవ్వడం. మన శరీరంలో పాత హీము విచ్ఛిన్నమయ్యేటప్పుడు కొద్దిగా కార్బన్ మోనాక్సైడు పుడుతూనే ఉంటుంది. ఆ ఆసరా లేక పట్టు 20,000 రెట్లే ఉండియుంటే, గనిలోకి దిగనక్కరలేకుండనే అది మనకు అపాయమయ్యెడిది.

ఇప్పుడు గనిలోని మనిషి స్థితి బోధపడుతుంది. రక్తహీనతచేత హీమోగ్లోబినులో సగం పోగొట్టుకొన్నవాడు నీరసంగానైనను నడవగలడు. సగం కార్బన్ మోనాక్సైడుతో నిండినవాడు పడిపోతాడు. కారణం ఆకృతియే. నాలుగు హీములలో రెంటిని విషవాయువు ఆక్రమిస్తే అక్కడి ఇనుము పళ్లెం నడుమ బిగిసిపోతుంది. అణువు మొత్తం వాయువును పట్టిన ఆకారంలోనే నిలిచిపోతుంది. కనుక మిగిలిన రెండు హీములు ప్రాణవాయువును మోసికొనిపోయినను కండరం వద్ద, మెదడు వద్ద దానిని సరిగా విడువవు. రక్తం ఎర్రగానే ఉంటుంది. టైలర్స్‌టౌన్ శవాల ఎరుపు అదే.

గని కార్మికులు నడుమున కట్టుకొనే సెల్ఫ్ రెస్క్యూయర్లలో వడపోత రకంలో మరల పరివర్తన లోహాలే పనిచేస్తవి. మాంగనీసు, రాగి ఆక్సైడుల మిశ్రమానికి హాప్కలైట్ అని పేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలవారు తయారుచేయగా ఆ రెండు పేర్లు కలిసి ఈ పేరయినది. అది మామూలు వేడిమివద్దనే కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా మార్చివేస్తుంది. తేమ తగిలితే పనిచేయదు గనుక ముందు ఆరబెట్టే మందు ఉంటుంది. ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. విషవాయువు ఎక్కువైన కొలది పరికరంలోనుండి వచ్చే గాలి వేడెక్కుతుంది. నోరు కాలుతున్నదని దానిని తీసివేయరాదు. ఆ వేడియే పరికరం పనిచేస్తున్నదనడానికి గుర్తు. గాలిలో ప్రాణవాయువే తక్కువైన చోట మాత్రం ఈ రకం పనికిరాదు; అచ్చట తానే ప్రాణవాయువును పుట్టించే పరికరం కావాలి.

పైకి తెచ్చిన మనిషికి చికిత్స కూడ ఆ 210 లెక్కనుండియే పుట్టినది. పోటీలో ప్రాణవాయువు పాలును పెంచాలి. మామూలు గాలిలో ఉంచితే రక్తంలోని కార్బన్ మోనాక్సైడు సగమగుటకు నాలుగైదు గంటలు పడుతుంది. శుద్ధ ప్రాణవాయువును పీల్పించితే గంటన్నర లోపల సగమవుతుంది. పీడనం పెంచితే ఇంకను త్వరగా పోతుంది. 1895లో హాల్డేన్ ఒక ఎలుకను కార్బన్ మోనాక్సైడు కలిపిన ప్రాణవాయువులో, రెండు వాతావరణాల పీడనంలో ఉంచినాడు. దాని హీమోగ్లోబిను యావత్తు విషవాయువుతో నిండిపోయినది. ఎలుక మాత్రం చావలేదు. ఆ పీడనంలో రక్తపు నీటిలో కరిగిన ప్రాణవాయువే దానికి చాలినది.